శ్రీ మల్లికార్జున పండితారాధ్య చరితము

ఆంధ్రదేశమున శివభక్తిని ఇంటింటికిని చేర్చిన మహనీయులలో పండితత్రయమని ప్రసిద్ధి గాంచినవారు మువ్వురు. వారు శ్రీపతి పండితులు, శివలెంక మంచన పండితులు, మల్లికార్జున పండితారాధ్యులు. మొదటి యిరువురి చరిత్రము మనకు లభించినది స్వల్పము. మల్లికార్జున పండితారాధ్యుల జీవితము మాత్రము పాల్కురికి సోమనాథుని ద్విపద కావ్యమగు పండితారాధ్య చరిత్రమున విపులముగా నిలిచియున్నది. దీక్షా ప్రకరణము, పురాతన ప్రకరణము, వాద ప్రకరణము, మహిమ ప్రకరణము, పర్వత ప్రకరణము అను ఐదు భాగములుగా సోమనాథుడు ఆ కథను నడపెను. శివభక్త కుటుంబములలో ఆ పేరు నేటికిని నిత్యస్మరణీయము. అయినను ఆ జీవితమునందలి మిక్కిలి కఠినమైన ఘట్టము, అనగా చందవోలు రాజసభలో జరిగిన మతవాదమును దాని వెంట వచ్చిన రక్తపాతమును, సాధారణముగా ఒక మహిమగా చెప్పబడి ముగిసిపోవుచున్నది. మహిమను మహిమగా నమస్కరించుచునే, అందలి మానవుల నడతను గూడ పరిశీలించుట నేటి కుటుంబములకును మఠములకును మేలు చేయును.

జననము, దీక్ష

పండితారాధ్యులు 12వ శతాబ్దివారు. కల్యాణ నగరమున బసవేశ్వరులు శరణధర్మమును ప్రచారము చేయుచున్న కాలముననే వీరు తెలుగునాట వెలసిరి. గోదావరి మండలమునందలి ద్రాక్షారామము వీరి జన్మస్థలమని సంప్రదాయము. తండ్రి భీమన పండితులు, తల్లి గౌరాంబ. పంచారామములలో ఒకటియైన భీమేశ్వరుని కోవెల నీడలో ఆ కుటుంబము నివసించెను. ఆ కాలమున ద్రాక్షారామము రాజులును, సామంతులును, వర్తకులును అఖండదీపములకు పశువులను, మాన్యములను దానము చేసి శాసనములు చెక్కించుకొనిన మహాక్షేత్రము. అచ్చటి గోడల మీదను, స్తంభముల మీదను నేటికిని వందలకొలది శాసనములు కనబడును. దూరదేశముల నుండి వచ్చు పండితులు, యతులు, యాత్రికులు నిత్యము ఆ కోవెలలో మెలగుచుండిరి. అట్టి తావున పెరిగిన బాలునకు వేదశాస్త్రములతో పాటు వివిధ మతముల వాదములు చిన్ననాటనే చెవిని పడుట సహజము.

గౌతమీ తీరమునందలి కోటిపల్లిలో ఆరాధ్యదేవుడను గురువు వీరికి శివదీక్ష నొసంగెను. దీక్షానంతరము వీరి జీవితమంతయు శివభక్తికే అంకితమైనది. అయితే వీరు వేదమును విడువలేదు. వేదమే శివుని పరతత్త్వముగా చాటుచున్నదని వీరి దృఢవిశ్వాసము. అందుచేత తాము చదివిన శాస్త్రములన్నిటిని ఆ ఒక్క సిద్ధాంతమునకు సాధనములుగా మలచుకొనిరి. యజ్ఞోపవీతము వీరి భుజముననే యుండెను. లింగము వీరి దేహముననే యుండెను. ఈ రెండింటి కలయికయే ముందు చెప్పబోవు ఒక పెద్ద భేదమునకు బీజమైనది.

శివతత్త్వసారము

పండితారాధ్యులు రచించిన గ్రంథములలో తెలుగువారికి మిక్కిలి ముఖ్యమైనది శివతత్త్వసారము. కందపద్యములలో, శివుని పలు నామములతో సంబోధించుచు సాగిన ఈ రచన తెలుగున శతక వాఙ్మయమునకు తొలిమెట్టుగా విమర్శకులచే పరిగణింపబడుచున్నది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు దీనిని పరిష్కరించి, పీఠికతో లోకమునకు తెచ్చుట వలన ఎన్నో శతాబ్దుల పిదప దీనికి మరల వెలుగు కలిగినది. సంస్కృతమునందు మాత్రమే శాస్త్రచర్చ తగునను భావము బలముగా నున్న కాలమున మతసిద్ధాంతమును తెలుగు పద్యములలో చెప్పుట సాహసకార్యము. సామాన్యునకు తత్త్వము అందవలెనను కోరికయే ఆ సాహసమునకు మూలము.

ఆ గ్రంథమున భక్తిపారవశ్యము ఎంత గలదో, పరమత ఖండనము గూడ అంత గలదు. అద్వైతులను, బౌద్ధులను, జైనులను, కర్మవాదులను వీరు తీవ్రముగా విమర్శించిరి. శివనిందను వినియు ఊరకుండరాదను కఠినభావము అందు స్పష్టముగా గోచరించును. ఇది వీరియొక్కరి స్వభావమని తలచుట సరికాదు. ఆ శతాబ్దమున ప్రతి మతమువారును తమ గ్రంథములలో ఇతరులను అదే తీరున దూషించిరి. అయినను గ్రంథమునందలి తీక్ష్ణవాక్యము శిష్యుని చేతిలో ఎట్లు ఆయుధమగునో చందవోలు ఉదంతము తెలుపుచున్నది.

ఆనాటి దేశస్థితి

12వ శతాబ్ది ఆంధ్రదేశమున శైవములోనే పలు శాఖలు గలవు. కాలాముఖులు, పాశుపతులు, శైవసిద్ధాంతులు వేరువేరు మఠములను నెలకొల్పుకొని యుండిరి. వైష్ణవము రామానుజుల ప్రభావమున కొత్త బలము పొందుచుండెను. జైనము పలుచోట్ల రాజాశ్రయము కోల్పోవుచుండెను. బౌద్ధము తన పూర్వవైభవమున కొంత అంశముగా మాత్రమే మిగిలియుండెను. ఒక దేవాలయమునకో మఠమునకో రాజానుగ్రహము లభించిన పక్షమున దానితో పాటు భూములు, సుంకములలో భాగము, గ్రామములు లభించెడివి. అనుగ్రహము పోయిన పక్షమున అవియు పోయెడివి. అందుచేత రాజసభలో జరుగు మతవాదము కేవలము పండితుల పాండిత్య ప్రదర్శనము కాకపోయెను. గెలిచినవారి మతమునకు బ్రతుకుతెరువు కలిగెను. ఓడినవారి దీపమునకు నూనె కరవయ్యెను.

దీనికి తోడు భవి, భక్తుడు అను భేదము శైవులలో నానాటికి బలపడుచుండెను. లింగదీక్ష లేనివాడు భవి. భవి వండిన అన్నము భక్తునకు తగదు. భవి పంక్తి తగదు. ఒకే ఇంటిలో కొడుకు దీక్ష పుచ్చుకొని తండ్రి పుచ్చుకొనని యెడల ఆ ఇంటి పొయ్యి రెండయ్యెడిది. ఆచారనిష్ఠగా భక్తుడు భావించినదానిని పొరుగువాడు అవమానముగా గ్రహించెను. మతభేదము సిద్ధాంతమునందు పుట్టినను, కలహముగా మారునది తరచు ఇట్టి అన్నపానములయొద్ద, నడిచెడి దారియొద్ద, పూడ్చెడి నేలయొద్దనే.

చందవోలు సభ

వెలనాటి చోడుల రాజధాని చందవోలు. నేడు అది బాపట్ల జిల్లాలో ఒక గ్రామము. ఆ కాలమున అది తీరాంధ్రమును శాసించిన బలవత్తరమైన రాజ్యమునకు కేంద్రము. అచ్చటి రాజసభలో ఒక బౌద్ధాచార్యుడు గౌరవస్థానమున నుండెను. పండితారాధ్యులు శిష్యసమేతులై చందవోలునకు వచ్చి ఆ ఆచార్యునితో వాదమునకు నిలిచిరి.

వాద ప్రకరణమున సోమనాథుడు ఈ చర్చను విపులముగా వర్ణించెను. వేదము ప్రమాణమా కాదా, ఈశ్వరుడు గలడా లేడా, కర్మఫలమును ఇచ్చువాడు వేరొకడు గలడా, ఆత్మ నిత్యమా క్షణికమా అను ప్రశ్నలు అందు ప్రధానములు. పండితారాధ్యులు శ్రుతిస్మృతి పురాణాగమముల నుండి ప్రమాణముల నెత్తి చూపి శివపారమ్యమును స్థాపించిరనియు, బౌద్ధాచార్యుడు నిరుత్తరుడయ్యెననియు కావ్యకథనము. బౌద్ధుల పక్షమున వ్రాయబడిన వృత్తాంతము మనకు మిగులలేదు కనుక, మనము వినుచున్నది గెలిచినవారి కంఠము మాత్రమే. అయినను పండితారాధ్యుల పాండిత్య గరిమను గూర్చి సందేహింప పనిలేదు. శివతత్త్వసారమే అందుకు చాలిన సాక్ష్యము.

వాదము అంతటితో ముగిసియుండిన యెడల ఈ చరిత్ర ఒక పండిత విజయగాథగా నిలిచియుండెడిది. కాని అట్లు జరుగలేదు. శివనిందను సహింపజాలని శిష్యులు ఆ బౌద్ధాచార్యుని వధించిరి. గురువు మాటతో సాధించిన జయమును శిష్యులు కత్తితో ముగించిరి. మాటకు మాటతో బదులు చెప్పగల అవకాశము ఆ క్షణమున చచ్చిపోయినది. ఓడిన ఆచార్యుడు బ్రతికియుండిన యెడల మరల చదివి, మరల ప్రశ్నించి, మరల సభకు వచ్చియుండెడివాడు. చంపబడినవాడు సమాధానము వినలేడు. చంపినవాడు గెలుపును నిరూపించుకొనలేడు.

రాజు ఆగ్రహించెను. తన సభలో గౌరవము పొందిన ఆచార్యుడు తన నగరమున హతుడగుట రాజధర్మమునకు మచ్చ. అపరాధము శిష్యులది, అయినను దండన గురువు మీద పడెను. వెలనాటి చోడుడు పండితారాధ్యుల కన్నులు తీయించెను. శివానుగ్రహమున ఆ కన్నులు మరల వచ్చెననియు, పండితారాధ్యులు ఆ రాజును, ఆ నగరమును శపించి వెడలిరనియు సోమనాథుడు చెప్పెను. భక్తులు ఆ మహిమను తరతరములుగా స్మరించుచున్నారు.

ఈ కథలో న్యాయము ఏ పక్షమునను సంపూర్ణముగా లేదు. శిష్యులు నిరాయుధుని చంపిరి. రాజు చేయనివానిని దండించెను. గురువు తాను కోరని హత్యకు తన చూపును మూల్యముగా చెల్లించిరి. సోమనాథుడు వీరశైవాభిమానమున ఎవరికిని తీసిపోనివాడు. పరమతములను ఖండించుటలో ఆయన కలము పండితారాధ్యుల కంటె మెత్తనిది కాదు. అయినను ఆ హత్యను ఆయన దాచలేదు. శిష్యుల భక్తికి నిదర్శనముగా ఆయన దానిని చెప్పియుండవచ్చును. నేటి పాఠకుడు అదే వాక్యములను చదివి గురువునకు శిష్యులు తెచ్చిపెట్టిన కష్టమును చూడవచ్చును. కావ్యమునందలి నిజాయితీ వలననే ఈ రెండవ చూపు మనకు సాధ్యమైనది.

చందవోలు వైభవము ఆ తరువాత ఎంతోకాలము నిలువలేదు. కాకతి గణపతిదేవుని దండయాత్రలలో 13వ శతాబ్ది తొలి సంవత్సరములలో వెలనాటి పృథ్వీశ్వరుడు హతుడై, ఆ రాజ్యము కాకతీయుల వశమయ్యెను. భక్తులు దానిని శాపఫలముగా భావించిరి. చరిత్రకారులు దానిని కాకతీయుల బలవృద్ధిగా వివరింతురు.

అమరావతి దీపములు

మతములు పక్కపక్కన నున్నంత మాత్రమున కలహము తప్పదను భావమునకు అదే కాలమున, అదే కృష్ణాతీరమున ఒక ప్రత్యక్ష సమాధానము గలదు. ధాన్యకటకమును ఏలిన కోట వంశీయులు అమరేశ్వరుని భక్తులు. ఆ వంశమువాడైన రెండవ కేతరాజు 1182లో అమరావతిలో వేయించిన శాసనమున అమరేశ్వరునితో పాటు బుద్ధునకు గూడ దానములు చేసినట్లు గలదు. ఆయన అంతఃపుర స్త్రీలును బుద్ధుని సన్నిధిని అఖండదీపములకు దానము చేసిరి. శివభక్తుడైన రాజు బుద్ధునకు దీపము వెలిగించుట వలన ఆయన శివభక్తికి లోపము కలుగలేదు. చందవోలు హత్య జరిగిన తరముననే ఈ దీపములును వెలిగినవి. అచ్చటి బౌద్ధ క్షేత్రము ఆ తరువాతను మిగిలియుండెననుటకు సింహళమునందలి గడలాదెణియ శాసనము సాక్ష్యము. 1344 నాటి ఆ శాసనము ధర్మకీర్తియను సింహళ స్థవిరుడు ధాన్యకటకమున ప్రతిమాగృహమును బాగుచేయించినట్లు తెలుపుచున్నది.

చందవోలునకును అమరావతికిని భేదము మతములలో లేదు; రెండుచోట్లను శైవులును బౌద్ధులును ఉండిరి. ఒకచోట ఇరుపక్షములును రాజు ఎదుట ఒకరినొకరు ఓడింపవలసిన స్థితిలో నిలిచిరి. రెండవచోట ఇరువురికిని ఎవరి దీపము వారికి లభించెను.

కల్యాణమున జరిగినది

చందవోలు వృత్తాంతమును కల్యాణ వృత్తాంతముతో కలిపి చదువవలెను. కల్యాణమున కలచురి బిజ్జలుని కొలువులో బసవేశ్వరులు దండనాయకులుగా నుండిరి. మడివాళ మాచయ్య, మేదర కేతయ్య, డోహర కక్కయ్య వంటి వివిధ వృత్తులవారు బ్రాహ్మణ మంత్రులతో సమముగా శరణులై ఒకే పంక్తిని కూర్చుండిరి. పుట్టుకను బట్టి గాక భక్తిని బట్టి గౌరవము అను ఆ ఆచారము నగరమునందలి పూర్వాచారపరులకు దుస్సహమయ్యెను. చర్మకారుడైన హరళయ్య కుమారునకును, బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెకును జరిగిన వివాహమే కలహమునకు కారణమని కన్నడ సంప్రదాయము చెప్పును. బిజ్జలుడు ఆ తండ్రులిరువురకు క్రూరదండన విధించెను. సోమనాథుని బసవపురాణమున వారు హల్లయ, మధువయ్య అను పేర్లతో కనబడుదురు. రాజు వారి కన్నులు తీయించుటయు, దానికి ప్రతిగా జగదేవుడు మొదలగు భక్తులు బిజ్జలుని వధించుటయు అందు వర్ణింపబడినవి. 1167, 1168 సంవత్సరముల ప్రాంతమున బిజ్జలుని పాలన ముగిసెను. బసవేశ్వరులు కూడలసంగమమున లింగైక్యమందిరి. శరణులు చెల్లాచెదరైరి. చెన్నబసవేశ్వరుల నాయకత్వమున పలువురు ఉళవికి తరలిపోయిరి.

ఈ రెండు కథల పోలిక విస్మయము కలిగించును. చందవోలులో భక్తులు ముందు చంపిరి. రాజు తరువాత కన్నులు తీయించెను. కల్యాణములో రాజు ముందు కన్నులు తీయించెను. భక్తులు తరువాత చంపిరి. రెండు నగరములును పడిపోయినవి. రెండుచోట్లను మిగిలినది వెడలిపోయిన మనుష్యుల వరుస. కల్యాణమున ఏండ్ల తరబడి అల్లిన సమానత్వపు పంక్తి కొన్ని దినములలో చెదరిపోయినది. బసవేశ్వరులు దయను ధర్మమునకు మూలముగా బోధించిరి. ఆ బోధకు కట్టుబడినవారికి ప్రతీకారము విజయముగా తోచుట కష్టము.

బసవేశ్వరులు, పండితారాధ్యులు

పండితారాధ్యులు బసవేశ్వరులను చూడకయే ప్రేమించిరి. కల్యాణము నుండి వచ్చు జంగములు చెప్పు బసవని భక్తికథలు వారిని కదలించివేసెను. తమకంటె బసవని భక్తి గొప్పదని వారు బహిరంగముగా ఒప్పుకొనిరి. పాండిత్యమున సాటిలేనివారు తమకంటె మిన్నయైన భక్తుని ముందు తలవంచుట సామాన్య విషయము కాదు.

అయినను ఆ ఇరువురి నడుమ ఒక భేదము నిలిచియుండెను. బసవేశ్వరులు ఉపనయనమును త్యజించిరి. యజ్ఞకర్మను, జాతిభేదమును, మైలను త్రోసిపుచ్చిరి. ఇష్టలింగము ధరించిన ప్రతి వ్యక్తియు సమానుడని చాటిరి. పండితారాధ్యులు లింగమును స్వీకరించిరి గాని యజ్ఞోపవీతమును విడువలేదు. శివుడొక్కడే దైవమనిరి గాని వైదికాచారమును త్యజింపలేదు. భక్తిమీది మక్కువ ఒకవైపును, బ్రాహ్మణ్యముతోడి పొత్తు వేరొకవైపును తమను లాగుచున్నవనియు, ఆ రెండవదానిని విడువజాలకున్నామనియు వారు బసవేశ్వరులను ఉద్దేశించి తమ అశక్తతను చెప్పుకొనిరని సంప్రదాయమున ప్రసిద్ధి. మహాపండితుడు తన లోపమును తానే చాటుకొనుట ఆ జీవితమునందలి మిక్కిలి హృద్యమైన విషయము. చందవోలు సభలో పరమతస్థులను గెలిచిన ఆ వాక్కు తన లోపలి సంశయము ముందు మౌనము వహించెను.

వీరి మార్గమును అనుసరించినవారు ఆరాధ్యులని పేరొందిరి. లింగమును యజ్ఞోపవీతమును రెండింటిని ధరించుట వారి లక్షణము. బసవమార్గమున నడచిన జంగములకును, లింగధారులైన వివిధ వృత్తుల భక్తులకును, ఈ ఆరాధ్యులకును చాలచోట్ల సహపంక్తి భోజనములును వివాహసంబంధములును లేకపోయెను. ఒకే శివుని, ఒకే లింగమును అర్చించువారి నడుమ గూడ ఆచారము గోడయై నిలిచినది. ఆరాధ్యులను జాతి విడువనివారని కొందరును, జంగములను వేదము విడిచినవారని మరికొందరును నిందించుకొనిరి. పరమతముతోడి కలహము కంటె స్వమతములోని ఈ కలహము నిశ్శబ్దముగా, దీర్ఘకాలము సాగినది. గురుపరంపర పంచాచార్యులదా బసవేశ్వరులదా, వీరశైవము లింగాయతము ఒకటియా రెండా అను చర్చలు కన్నడ దేశమున నేటికిని సాగుచునే యున్నవి. వాటి వేళ్లు పండితారాధ్యులు తమ హృదయమున అనుభవించిన ఆ ఘర్షణ వరకు ప్రాకియున్నవి.

శ్రీశైల యాత్ర

చందవోలు విడిచిన పండితారాధ్యులు బసవేశ్వరులను కన్నులార చూడవలెనని కల్యాణమునకు ప్రయాణమైరి. పోగొట్టుకొని మరల పొందిన కన్నులతో చూడదలచిన మొదటి రూపము బసవనిది. మార్గమధ్యమున బసవేశ్వరులు లింగైక్యమందిరను వార్త వారికి చేరెను. ఆ దుఃఖమును సోమనాథుడు హృదయద్రావకముగా చిత్రించెను. జీవితమంతయు వాదములలో గడపిన పండితునకు తన సంశయమును తీర్చగల ఒకే వ్యక్తితో మాటాడు అవకాశము దక్కలేదు. యజ్ఞోపవీతమును గూర్చిన ఆ ప్రశ్నకు బసవేశ్వరులు ఎదుట నిలిచి ఏమి బదులిచ్చియుండెడివారో లోకము వినలేకపోయెను.

కల్యాణము వైపు పోవలసిన అడుగులు శ్రీశైలము వైపు మరలెను. పర్వత ప్రకరణమున సోమనాథుడు శివరాత్రినాటి శ్రీశైలమును కన్నులకు గట్టినట్లు వర్ణించెను. నలుదిక్కుల నుండి నానాదేశముల భక్తులు కొండ యెక్కి వత్తురు. వారి వేషములు వేరు, నియమములు వేరు, పాటలు వేరు. తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, ఆనంద పదములు, వెన్నెల పదములు మొదలగు జానపద గేయముల పేర్లు మనకు ఆ కావ్యము వలననే తెలియవచ్చినవి. ఆటలు, పాటలు, బొమ్మలాటలు, జాగరణములు ఆ కొండను ఒక్క రాత్రిలో మహానగరముగా మార్చును. సభలో సిద్ధాంతము కొరకు రక్తము చిందిన దేశముననే, కొండమీద ఇన్ని రకముల మనుష్యులు ఒకే రాత్రి ఒకరి పాట నొకరు విని మేలుకొనియుండిరి. అచ్చట ఎవరును ఎవరిని ఓడింపవలసిన పనిలేదు.

ఆ శ్రీశైలముననే పండితారాధ్యులు శివైక్యమందిరి. నేటికిని వీరశైవ పంచపీఠములలో శ్రీశైలపీఠము పండితారాధ్య నామముతో ప్రసిద్ధమై యున్నది.

సోమనాథుడు చేసిన మేలు

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును, పండితారాధ్య చరిత్రమును రెండింటిని రచించుటలో ఒక విశేషము గలదు. యజ్ఞోపవీతము విడిచిన బసవేశ్వరులను, దానిని విడువలేకపోయిన పండితారాధ్యులను ఆయన ఒకే భక్తితో కీర్తించెను. ఇరువురిలో ఒకరిని గొప్పచేయుటకు రెండవవారిని తక్కువచేయలేదు. రెండు కథలను గూడ జానుతెనుగున, పల్లెవారు పాడుకొనదగిన ద్విపదలో వ్రాసెను. ఆరాధ్యుల ఇంటను, జంగముల ఇంటను, లింగబలిజల ఇంటను ఆ ద్విపద వినబడెను. సహపంక్తి లేనిచోట గూడ సహశ్రవణము కలిగినది. పిదప శ్రీనాథ మహాకవియు పండితారాధ్య చరిత్రమును పద్యకావ్యముగా రచించెను గాని ఆ గ్రంథము మనకు దక్కలేదు.

కాకతీయుల కాలమున శైవమఠములు మరియొక మార్గమును గూడ చూపినవి. 1261లో రుద్రమదేవి కాలమున వేయబడిన మల్కాపుర శాసనము గోళకీ మఠాచార్యుడైన విశ్వేశ్వర శంభువు నెలకొల్పిన సంస్థలను పేర్కొనుచున్నది. అందు విద్యాశాల, ప్రసూతిశాల, ఆరోగ్యశాల గలవు. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవరు వచ్చినను అన్నము పెట్టు సత్రము గలదు. చందవోలు వాదము జరిగిన నూరేండ్లకు, అదే కృష్ణాతీర మండలమున, ఒక శైవమఠము తన మతము గొప్పతనమును ఆకలిగొన్నవానికి పెట్టిన అన్నముతో చాటెను. కొలనుపాకలో సోమేశ్వరాలయమును, దానిచుట్టు వివిధ కులముల పేర వెలసిన వీరశైవ మఠములును, అదే ఊరిలో జైనమందిరమును నేటికిని ఉండుట ఇట్టిదే మరియొక సాక్ష్యము.

అడవి అంచున

ఖమ్మము మైదానము ముగిసి భద్రాచలపు అడవులు మొదలగు సీమలో జూలూరుపాడు గలదు. 2016 నుండి అది భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. ఆ సీమ చుట్టును చూచిన యెడల ఈ చరిత్రయంతయు నేలమీద పరచినట్లు కనబడును. ఖమ్మమునకు ఆవల నేలకొండపల్లిలో ప్రాచీన బౌద్ధస్తూపము గలదు. కూసుమంచిలో కాకతీయుల నాటి గణపేశ్వరాలయము గలదు. గోదావరి ఒడ్డున 17వ శతాబ్దిన కంచెర్ల గోపన్న నిర్మింపించిన రామాలయము గలదు. అడవి పల్లెలలో కోయలు తమ ఇలవేల్పులను, లంబాడీలు తమ సేవాలాల్‌ను కొలుచుచున్నారు. మసీదులు గలవు, చర్చీలు గలవు.

ఇట్టి ఊళ్లలో కలహములు వేదప్రామాణ్యమును గూర్చి పుట్టవు. జాతర ఊరేగింపు ఏ వీధిన పోవలెను, పండుగనాడు ఏ పక్షము మేళము మ్రోగవలెను, పూడ్చుకొను కులమునకు భూమి యేది, కాల్చుకొను కులమునకు వల్లకాడేది అను విషయములయొద్ద పుట్టును. లింగైక్యమందినవారిని కూర్చుండబెట్టి సమాధి చేయు లింగధారులకు ఈ చివరి సమస్య అనుభవములోనిదే. అట్టివేళ ఊరి పెద్ద మతపండితుడుగా ఎవరి ఆచారము శ్రేష్ఠమో తీర్పు చెప్పబూనిన యెడల ఆ రచ్చబండ చందవోలు సభయగును. ఎవరి ఆచారమునకు తగిన చోటు వారికి చూపిన యెడల అది అమరావతియగును. ఊరి యువకులు తమ పెద్దకు జరిగిన అవమానమునకు తాము బదులు తీర్తుమని బయలుదేరునపుడు, ఆ పెద్ద వారి నాపుట తన కర్తవ్యమని ఎరుగవలెను. శిష్యుడు చేసినదానిని గురువే భరింపవలసి వచ్చునని పండితారాధ్యుల కన్నులు తెలుపుచున్నవి.

పండితారాధ్యులు గెలిచిన వాదములను పండితులు పరిశీలింతురు గాక. శివభక్త కుటుంబములకు వారి జీవితము నుండి అంతకంటె దగ్గరి సంపద రెండు దక్కినవి. తాను చూడని భక్తుని తనకంటె మిన్నయని ఒప్పుకొనిన వినయము ఒకటి. తాను విడువలేని దానిని విడువలేకున్నానని దాచక చెప్పిన సత్యము రెండవది. తన లోపమును ఎరిగినవాడు పొరుగువాని లోపమునకు కత్తి యెత్తడు. శివరాత్రినాడు శ్రీశైలమున జాగరణము చేయు భక్తులు ఆ మహనీయుని స్మరించునపుడు చందవోలున చనిపోయిన ఆ పేరు తెలియని బౌద్ధాచార్యుని గూడ ఒక్కమారు తలచుకొనిన, బసవేశ్వరులు బోధించిన దయకు అది తగిన పూజయగును.